డ్యూటీకి వెళ్ళిన చొక్కా

ఎలుక పడుతుందా, పడదా అని చూడడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత దానికి జీతం కూడా ఇస్తారా అని అడుగుతారు. ఇస్తారు. లోపల కడుపు మండుతున్నా నేనూ నవ్వేసి ఊరుకుంటాను. ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి పాఠం చెప్పే ఓపిక నాకు లేదు.

మీకు మాత్రం చెప్పాలి. ఇది తెలియకపోతే మా అక్క సంగతి తలకిందులుగా అర్థమవుతుంది.

మా పరిశోధనశాలలో నేను పనిచేసే గదిలో రెండే పరికరాలు. ఒకటి తిరిగే కడ్డీ. దాని మీద ఎలుకను నిలబెట్టి మీట నొక్కితే కడ్డీ మెల్లగా తిరగడం మొదలుపెట్టి పోనుపోను వేగం పెంచుకుంటుంది. ఎలుక నడుస్తూనే ఉండాలి. ఆగితే కింద మెత్తటి పళ్ళెంలో పడుతుంది. రెండోది బీమ్ అంటాం. నడుమెత్తున రెండు స్టాండ్ల మీద పెట్టిన సన్నటి చెక్క బద్ద. ఈ కొసన దీపం, ఆ కొసన చీకటి పెట్టె. పెట్టెలో ఆ ఎలుక పడుకునే పొట్టు కాస్త వేసి ఉంచుతాం. ఎలుకకు వెలుగు గిట్టదు, తన వాసన ఉన్న చీకటంటే ప్రాణం. అందుకని బద్ద మీద నడిచి పెట్టెలోకి పోతుంది. పోయేలోపల ఏ కాలు ఎంత జారిందో నేను చూస్తాను.

ఈ గదికి రెండు నియమాలున్నాయి. ఎలుక బద్ద మీద ఉండగా నోరెత్తకూడదు, చెయ్యి చాపకూడదు. పాపం పడిపోతుందేమోనని జాలిపడి చెయ్యి అడ్డం పెట్టారా, ఆ చేతికే బెదిరి పడుతుంది. పెట్టె పక్కన కదలకుండా నిలబడాలి, అంతే. రెండోది, ఒక ఎలుక దిగాక బద్దను, కడ్డీని స్పిరిట్‌తో తుడవాలి. ముందు నడిచినదాని వాసన వెనకదానికి అంటకూడదు. ఈ రెండో నియమమే నా కొంప ముంచింది. ముంచిందో తేల్చిందో ఇప్పటికీ నాకు తేలలేదు.

మా అక్క బస్సు కండక్టరు. నన్ను చదివించింది ఆ ఉద్యోగమే. డ్యూటీలో ఉండగా అక్క కమ్మీ పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మలుపులో బస్సంతా ఒక పక్కకు ఒరిగి జనం ఒకరి మీద ఒకరు పడుతుంటే, తను మాత్రం వంటింట్లోంచి పడకగదిలోకి నడిచినట్టు నడిచి వచ్చి, "ముందుకు జరగండి, ముందంతా ఖాళీయేగా" అనేది. ముందు ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. అక్క నోటికి జడిసి జనమే ఖాళీ చేసేవాళ్ళు.

అలాంటి మనిషి ఒకరోజు ఆగి ఉన్న బస్సులో పడిపోయింది.

మెదడు వెనకభాగంలో నడకను చూసుకునే చోటు అరిగిపోతోందన్నారు డాక్టర్లు. మందు లేదన్నారు. అక్క ఎడమకాలు బయటికి తిరిగిపోయి ఈడ్చుకుంటూ వచ్చేది. అది జారగానే కుడిచెయ్యి పైకి లేచి, అరచేత్తో గోడ కోసం తడుముకునేది. పక్కన గోడ లేకపోయినా తడిమేది, గాలిని నిమిరినట్టు. మంచం నుంచి వంటింటి దాకా తాడు కట్టాను. కొన్నాళ్ళకు తాడు కూడా అక్కరకు రాలేదు, అక్క మంచం దిగడమే మానేసింది.

అప్పుడే ఈ పరిశోధనశాల నడిపే మేడం ఈ జబ్బుకే మందు వెతుకుతోందని తెలిసి, ఉన్న పని వదిలేసి ఆవిడ దగ్గర చేరాను. ఇక్కడి ఎలుకలు రెండు రకాలు. పుట్టుకతోనే ఈ జబ్బున్నవి, వాటితోపాటే పుట్టిన మంచివి. మొదటివాటికి మందు ఇస్తారు. రెండోవి పోల్చి చూసుకోవడానికి. నేను ఎలుకను చూసినప్పుడల్లా అక్కను చూసినట్టే చూసేదాన్ని. అది తప్పని మేడం చెప్పేది, సౌమ్యంగానే. "నీకు ఆశ ఉంటే నీ కన్నుకు జారిన కాలు కనపడదు" అనేది. ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు.

ఒకసారి తుడిచే కాగితపు చుట్టలు అయిపోయి, కొత్తవి రావడం ఆలస్యమైంది. మెత్తటి నూలుగుడ్డ ఏదైనా ఒకటే తెచ్చుకుని చివరిదాకా అదే వాడమంది మేడం. మర్నాడు పొద్దున నేను బీరువా కెలుకుతుంటే అక్క మంచం మీంచి అడిగింది.

"ఏం వెతుకుతున్నావే పొట్టీ?"

"పాత గుడ్డ ఏదైనా కావాలి. ఎలుకలు నడిచే బద్ద తుడవడానికి."

"నా చొక్కా పట్టుకుపో."

"ఏ చొక్కా?"

"ఖాకీది. ఉతికి ఉతికి వెన్నలాగుంటుంది. కత్తెర ఇటు తే."

"అక్కా, అది యూనిఫామే."

"తెలుసులే. ఇన్నేళ్ళూ తొడుక్కున్నది నేనేగా. ఇప్పుడెవరికి పెట్టాలి దాన్ని?"

తనే కోసింది. కత్తెర వంకరటింకరగా పోయింది కానీ నన్ను ముట్టుకోనివ్వలేదు. ముక్కలు మడతపెట్టి నా చేతిలో పెట్టి, "నేను పోకపోయినా నా చొక్కా అయినా డ్యూటీకి వెళ్తుంది. రైట్, రైట్" అంది. ఇద్దరం నవ్వాం. నేను మెట్లు దిగుతూ ఏడ్చాను.

ఆ గుడ్డను స్పిరిట్‌లో ఎంత నానబెట్టినా దాని వాసన పూర్తిగా పోలేదు. తోలుసంచి, డీజిలు, ఎండ, వాటి అడుగున అక్క. పోనీలే, అన్నిటికీ ఒకటే గుడ్డ కదా, తేడా ఏముంటుంది అనుకున్నాను.

తేడా ఆ వారంలోనే కనబడింది. జబ్బు ఎలుకలు ఎప్పటిలాగే ఉన్నాయి. మంచివాటిలో ఒకటి, దారం మీద నడిపినా నడవగల గడుసుది, బద్ద నడిమధ్యకొచ్చి ఆగింది. ఎడమ వెనకకాలు బయటికి తిరిగి జారింది. జారితే జారింది, ఎలుకలన్నాక జారుతాయి. కానీ ఎలుక జారితే తోకను బద్దకు చుట్టుకుంటుంది, లేకపోతే పొట్ట ఆనించి పడుకుంటుంది. ఇది అవేవీ చెయ్యలేదు. కుడి ముందుకాలు పైకెత్తి గాలిలో తడిమింది. వేళ్ళు విప్పి, మెల్లగా, పక్కన గోడ ఉన్నట్టు.

నోరెత్తకూడదు కాబట్టి ఎత్తలేదు.

తర్వాతి మంచి ఎలుకా అక్కడే ఆగింది. అలాగే తడిమింది. ఆ పైదీ అంతే. అన్నీ ఒకేచోట, ఒకే కాలు, ఒకే చెయ్యి. చెయ్యి అంటున్నాను చూశారా. ఆ రోజు నుంచీ దాన్ని ముందుకాలు అనడం నా వల్ల కాలేదు.

మేడం కెమెరాలో ఎక్కిన బొమ్మలు మళ్ళీ మళ్ళీ వేసి చూసింది. "చెవిలో ఏదైనా సోకిందేమో. చెవి పాడైతే నిలకడ తప్పుతుంది" అంది. చెవులు పరీక్ష చేయించింది, శుభ్రంగా ఉన్నాయి. "గుడ్డ వాసనకి బెదిరి ఆగాయంటే నమ్ముతాను. ఎడమకాలే ఎందుకు?" అంది నాతో కాదు, తనతోనే. నేను గుడ్డ మడతపెట్టాను. ఏమని చెప్పను?

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క మంచం మీద లేదు. వంటింట్లో స్టవ్ ముందు నిలబడి టీ కాస్తోంది. తాడు పట్టుకోలేదు. రెండు కప్పులు నిండుగా పోసి, చుక్క తొణకకుండా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు? తాగు."

తాగాను. సంతోషం పట్టలేక నేనే ఒలకబోసుకున్నాను. మందు లేకుండానే తగ్గుతోందనుకున్నాను. ఆ మాత్రం వెర్రి ఆశ ఎవరికైనా ఉంటుంది.

రోజులు గడిచేకొద్దీ అక్క చక్కగా నడవసాగింది. చక్కగా అంటే మరీ చక్కగా. చప్పుడుండేది కాదు. వెనక్కి తిరిగితే అక్కడ ఉండేది. గది మధ్యలోంచి రాకుండా గోడవారనే చుట్టూ తిరిగి వచ్చేది. గుమ్మం దగ్గర ఆగి, మెడ ముందుకు చాపి, ముందు వాసన చూసేది. పొద్దస్తమానం పడుకుని చీకటిపడే వేళకు కళ్ళు మెరుస్తూ లేచేది. ఒకరోజు పక్క దులుపుదామని దిండు తీస్తే, దాని కింద పాత పేపర్లు సన్నగా, మెత్తగా చింపి గుండ్రంగా పేర్చి ఉన్నాయి. మధ్యలో గుంట, వెచ్చగా ఉంది. నేను దిండు తిరిగి అక్కడే పెట్టేశాను.

"నాకో కలొస్తోందే పొట్టీ" అంది ఒక సాయంత్రం. "దారేమో గుండ్రంగా, కాళ్ళకిందే తిరుగుతుంటుంది. ఆగితే పడతాను. పడితే కిందేముందో తెలీదు. నడుస్తూనే ఉంటాను. బావుంటుందే, అలుపే రాదు."

"తర్వాత?"

"నా వెనకాల ఎవరో పెద్ద గుడ్డతో దారిని తుడుచుకుంటూ వస్తుంటారు. మొహం పైకెక్కడో ఉంటుంది, కనపడదు. కానీ చేతులు చూస్తే తెలిసిపోతుందిగా. నువ్వే."

తిరిగే కడ్డీ సంగతి నేను అక్కకు ఎప్పుడూ చెప్పలేదు. జబ్బుమనిషి దగ్గర పడిపోయే ఎలుకల కబుర్లు ఎవరు చెబుతారు?

మర్నాడు కాగితపు చుట్టలు వచ్చాయి. గుడ్డ పక్కన పడేసి కాగితంతో తుడిచాను. మంచి ఎలుకలన్నీ ఒక్కసారి కూడా ఆగకుండా బద్ద మీద పరుగెత్తాయి. నేను హమ్మయ్య అనుకునేలోపలే పక్కింటావిడ నుంచి ఫోను. అక్క స్నానాలగది గుమ్మంలో పడిపోయింది. వెళ్ళేసరికి నుదురు చిట్లి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమకాలు బయటికి తిరిగి ఉంది. కుడిచెయ్యి గాలిలో తడుముతోంది.

"బ్రేకు కొట్టాడే ఎవడో" అంది, నవ్వబోయి.

అక్కకు కట్టు కడుతూ నేను తీర్మానించుకున్నాను. తెలిసే చేశాను. దీన్ని తిప్పి చెప్పను. మర్నాడు కాగితం చుట్టను సొరుగులో దాచి ఖాకీ గుడ్డ బయటికి తీశాను. ఒక్కొక్క మంచి ఎలుకకు ముందు కడ్డీని, బద్దను ఒత్తి ఒత్తి తుడిచాను. అవి బద్ద మధ్యలో నిలబడి గోడ కోసం తడుముతుంటే, పెట్టె పక్కన కదలకుండా నిలబడి చూశాను. జబ్బువాటికి ఏమీ కాకపోవడం ఎందుకో అప్పుడు తట్టింది. ఇవ్వడానికి వాటి దగ్గర ఏముంది? మంచివి తమ దగ్గరున్నది మా అక్కకు ఇచ్చి, అక్క దగ్గరున్నది తీసుకుంటున్నాయి. బేరం నేను కుదిర్చాను. సాయంత్రం ఇంటికెళితే అక్క తాడు విప్పేసి, దాని మీద నా బట్టలు ఆరేస్తోంది.

అలా ఎన్నాళ్ళు సాగేదో తెలియదు. మేడం ఆపేసింది.

"ఈ గుంపు పాడైపోయింది. పోల్చుకోవడానికి ఉంచినవే పడిపోతుంటే మందు పనిచేసిందో లేదో దేంతో పోల్చను? అన్నిటినీ తీసేయమని చెప్పాను. కొత్త గుంపుతో మొదలుపెడదాం" అంది.

తీసేయడమంటే గ్యాస్ పెట్టెలో పెట్టడం. "ఇంకొన్నాళ్ళు చూద్దాం మేడం" అన్నాను. "దేనికి?" అంది. నిజంగానే అడిగింది, నేను చెబితే వినడానికి సిద్ధంగా. గుడ్డలో మా అక్క ఉందని చెప్పనా?

ఆ పని చేసేది ఎలుకల గది చూసుకునే అన్న. అందరూ ఆయన్ని గుసగుస అంటారు. ఎలుకలు బెదరకూడదని ఏళ్ళ తరబడి నెమ్మదిగా మాట్లాడీ మాట్లాడీ, ఆయన గొంతు అక్కడే ఉండిపోయింది. ఇంట్లో వదిన "కాస్త గట్టిగా ఏడవండి" అని కసురుతుందట. మనసున్నవాడు. ఒకదాని చావు ఇంకొకటి చూడకూడదని పెట్టెలో ఒక్కొక్కదాన్నే పెడతాడు. మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెడతానన్నాడు. అవి పోతే, వాటి నడక తీసుకున్న అక్క ఏమవుతుంది? నేను సంచి తీసుకుని ఇంటికి పరుగెత్తాను. అక్కను మంచం మీద పడుకోబెట్టి పట్టుకుని కూర్చోవాలని, అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇల్లు ఖాళీగా ఉంది. వంటింట్లో లేదు, స్నానాలగదిలో లేదు. దిండు కింద గూడు చల్లబడి ఉంది. మాది పై అంతస్తు. మేడ మీదికి పోయే తలుపు తెరిచి ఉంది. మెట్లెక్కి, పైనున్న మెట్లగది గుమ్మంలోంచి చూసి, అక్కడే కొయ్యబారిపోయాను.

అక్క పిట్టగోడ మీద నడుస్తోంది.

మిట్టమధ్యాహ్నం ఎండ. గోడ వెడల్పు అరచేతి కన్నా కాస్త ఎక్కువ. ఒక పక్క మేడ, ఒక పక్క వీధి, కింద ఎక్కడో స్కూటరు హారను. అక్క చేతులు చాపలేదు, కిందికి చూడలేదు. ఒక అడుగు ముందు ఒక అడుగు, తన బస్సులో నడిచినట్టు నడుస్తోంది. ఎండకు కళ్ళు చికిలించి, గోడ మెట్లగదిని కలిసే చోటుకేసి, నా వెనకున్న చీకటికేసి వస్తోంది. ఎంత బాగా నడుస్తోందో. భయంలో కూడా నాకు ఆ మాటే తోచింది.

అరవబోయి నోరు మూసుకున్నాను. పరుగెత్తబోయి ఆగాను. నోరెత్తకూడదు, చెయ్యి చాపకూడదు.

అక్క గోడ మధ్యకొచ్చింది. ఆగింది. ఎడమకాలు బయటికి తిరిగింది.

అన్నం తిన్నాడు, మొదలుపెట్టాడు అనుకున్నాను. ఫోను తీసి, మీట నొక్కి, చెవికి ఆనించుకున్నాను. కళ్ళు అక్క మీదే ఉన్నాయి.

"అన్నా" అన్నాను గుసగుసగా.

"చెప్పమ్మా" అన్నాడాయన అంతకన్నా నెమ్మదిగా.

"ఎందాకా వచ్చింది?"

"జబ్బువి అయిపోయాయి. మంచివి కూడా చాలావరకు అయ్యాయి. ఇదుగో, ఇంకోటి పెడుతున్నా."

పెట్టె మూత పడిన చప్పుడు ఫోనులో వినపడింది. గ్యాస్ సన్నగా బుసకొట్టింది. గోడ మీద అక్క ఎడమకాలు అంచు దాటి వీధివైపు జారింది. వెనక్కి తీసుకుంది. మళ్ళీ జారింది.

"అన్నా, ఆపు."

"మేడం చెప్పిందిగా అమ్మా, అన్నీ తీసెయ్యమని."

"ఆపన్నా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎన్నుంటే అన్నిటినీ అలాగే ఉంచు."

ఈలోగా అక్క కుడిచెయ్యి పైకి లేచింది. వేళ్ళు విప్పి, గోడ కోసం, ఆకాశాన్ని తడిమింది.

"ఒక్కటే మిగిలింది" అన్నాడు గుసగుస. "చేతిలోనే ఉంది. ఆ గడుసుది. వణికిపోతోందమ్మా."

"దాన్ని దాని పొట్టులో పెట్టు. చీకటిగా ఉండేట్టు గుడ్డ కప్పు. అక్కడున్న ఖాకీ గుడ్డ."

"సరే."

నేను మెట్లగది తలుపు పూర్తిగా తెరిచాను. లోపలి దీపం ఆర్పేశాను. గుమ్మం పక్కకు జరిగి, గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అంతకన్నా నాకు చేతనైంది ఏమీ లేదు. నా ఉద్యోగం అదొక్కటే.

అక్క చాలాసేపు అలాగే ఉంది. మెడ ముందుకు చాపి వాసన చూసింది. తర్వాత ఎడమకాలు మెల్లగా లోపలికి తిరిగింది, అడుగు పడింది. ఇంకో అడుగు. నా భుజం పక్కనుంచి దిగి, నన్ను చూడకుండా, చీకట్లోకి పోయి మెట్ల మూలలో ముడుచుకుని కూర్చుంది. నేను పక్కన కూలబడి కావలించుకున్నాను. అక్క గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, ఆ చప్పుళ్ళు విడివిడిగా వినపడలేదు.

ఆ గడుసు ఎలుకను గుసగుస అన్నే ఇంటికి తెచ్చిచ్చాడు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. "మేడానికి చెప్పకు, నేనూ చెప్పను" అన్నాడంతే. వంటింటి అలమరలో దానికో బోను పెట్టాను, ఖాకీ ముక్కతో పక్క వేశాను. అది ఎడమకాలు ఈడ్చుకుంటూ, బోను గోడ పట్టుకుని తిరిగేది. అక్క తిన్నగా నడిచేది. ఒక్క ఎలుక వల్లనేమో, పాత వింత అలవాట్లు చాలావరకు పోయాయి. పేపర్లు చింపడం మానేసింది. డాక్టర్లు పరీక్ష చేసి, నమ్మలేక మళ్ళీ చేసి, డ్యూటీ ఎక్కవచ్చన్నారు. కొత్త ఖాకీ చొక్కా ఇచ్చారు. మొదటిరోజు అక్క అద్దం ముందు నిలబడి గుండీలు పెట్టుకుంటుంటే, నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

కానీ ఎలుక ఆయుష్షు ఎంతని? నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. చలికాలం వచ్చేసరికి దాని బొచ్చు పలచబడింది. వెన్ను వంగింది. అది తిండి ముట్టని పూట అక్క వంటింటి గడప తట్టుకునేది. అది పోయే రోజు అక్క బస్సులో ఎక్కడ ఉంటుందో, ఫుట్‌బోర్డు మీద ఉంటుందేమో అనే ఆలోచన నన్ను తినేసేది. ఇంకో మంచి ఎలుకను తెచ్చి దీని పక్కన పెట్టవచ్చు. ఆ తర్వాత ఇంకొకటి. బద్ద మధ్యలో గాలిని తడిమిన ఆ చేతులు గుర్తొచ్చి నాకది మనస్కరించలేదు.

ఆలోచించి ఆలోచించి, ఒక ఆదివారం పొద్దున నా పాత చున్నీ కోశాను. బోనులోని ఖాకీ ముక్క తీసి నా ముక్క వేశాను. బేరం ఎలా కుదురుతుందో నాకు బాగానే తెలుసు.

ముసలి ఎలుక వారం తిరక్కుండానే బోనులో చక్కగా నడిచింది. కాలు ఈడ్చలేదు. కొన్నాళ్ళకు ఏ బాధా లేకుండా నిద్రలోనే పోయింది. ఆ పూటంతా నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. సాయంత్రం అక్క మామూలుగా ఇంటికొచ్చి, సంచి విసిరేసి, "కాళ్ళు లాగేస్తున్నాయే, వేణ్ణీళ్ళు పెట్టు" అంది. నేను వంటింట్లోకి పోయి మనసారా ఏడ్చాను. నీళ్ళగిన్నె దించబోతుంటే ఎడమకాలు నా మాట వినలేదు.

అక్కకు తెలియనివ్వకూడదనుకున్నాను. తను ఎక్కే బస్సు ఎక్కడం మానేశాను. కానీ నిన్న వాన. వచ్చిన బస్సు ఎక్కితే అది అక్కదే అయింది. జనంలో కలిసిపోయి, ఎడమచేత్తో కమ్మీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అక్క అటుకొస నుంచి టికెట్లు కొడుతూ వస్తోంది, దేన్నీ పట్టుకోకుండా. మార్కెట్టు మలుపులో బస్సు ఒరిగింది. నా కాలు జారింది. నా కుడిచెయ్యి నన్నడక్కుండా పైకి లేచి, జనం తలల మీద, ఖాళీ గాలిలో, వేళ్ళు విప్పి తడిమింది.

"హోల్డాన్" అంది అక్క.

బస్సు నడిరోడ్డు మీద ఆగింది. అక్క జనాన్ని తోసుకుని నా దగ్గరకొచ్చింది. గాలిలో ఉన్న నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఎన్నాళ్ళ నుంచీ?"

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి? తడికి జారాను."

"పొట్టీ, నా దగ్గర వేషాలెయ్యకు. నా చెయ్యి నాకు తెలీదా?" "రోజూ కలలో ఆ దారి మీద నువ్వు నడుస్తున్నావు. వెనకాల తుడుస్తున్నది నేను. పిచ్చి కల అని ఊరుకున్నానే."

ఎవరో "బండి కదలదా అమ్మా?" అని విసుక్కున్నారు. డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు.

"నా చొక్కా ముక్కలు ఎక్కడున్నాయి?"

"పారేశాను."

"నువ్వు పారెయ్యవు. పారేసే దానివైతే ఇంతదాకా వచ్చేది కాదు. నా చొక్కా నాకిచ్చెయ్."

"ఇవ్వను అక్కా."

"డ్యూటీకి పంపాను, డ్యూటీ అయిపోయింది. ఇంటికెళ్ళగానే ఇచ్చెయ్. నా జబ్బు నేనే మళ్ళీ తొడుక్కుంటాను."

అక్క నా చెయ్యి తన భుజం మీద వేసుకుని, "రైట్, రైట్" అంది. బస్సు కుదుపుతో కదిలింది. అక్క ఎడమచెయ్యి పైకెత్తి, నా ఎడమచేతి పక్కనే, కమ్మీ పట్టుకుంది. డ్యూటీలో ఉండగా అక్క కమ్మీ పట్టుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.